చేవ బాబాయిగారు

కలప కొనడానికి ఒంటరిగా వెళ్ళే ధైర్యం మనవాళ్ళకు లేదు. పెళ్ళిచూపులకు వెళ్ళినట్టే టింబరు డిపోకూ ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్తాం. అందుకోసమే ప్రతి పేటలోనూ ఒక బాబాయిగారు ఉంటారు. ఆయన రిటైరైంది ఇరిగేషన్‌లోనో, తహసీల్దారు ఆఫీసులోనో అయి ఉంటుంది. జన్మలో ఉలి పట్టి ఎరుగరు. అయినా కర్ర ముందు నిలబడితే మేస్త్రిని పక్కకు జరగమంటారు. పంచె ఎగ్గట్టి, కోసిపెట్టిన సైజు మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి కళ్ళు మూసుకుంటారు. కళ్ళు తెరిచేదాకా బేరం ముందుకు కదలదు.

"ఇది బల్లార్షా కాదు."

"నిఖార్సయిన బల్లార్షా టేకండీ. అయోధ్య గుడి తలుపులకు వెళ్ళింది ఇదే."

"అయోధ్యకు వెళ్ళింది వెళ్ళిపోయిందయ్యా. ఇక్కడ మిగిలింది ఘానా."

ఆ తర్వాత సైజు అంచున తెల్లగా కనబడే చెక్కను గోటితో గీకుతారు. అది చేవ కాదట. చెట్టు బతికుండగా నీళ్ళు పైకి తోడిన భాగమట, పిండిపదార్థం దాచుకునేదీ అక్కడేనట. పుచ్చుపురుగు మొదట పళ్ళు పెట్టేదీ అక్కడేనట. ఆ తెలుపు మీద రంగు పూసి చేవలో కలిపేస్తారన్న వ్యాపార రహస్యాన్ని డిపో అంతటికీ వినబడేలా మన చెవిలో చెప్తారు. ఇక లెక్క. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. డిపో కుర్రాడు కాలిక్యులేటర్ వెతుక్కునేలోపు ఆయన నోటితోనే తేల్చేస్తారు. కుర్రాడి లెక్క ఎప్పుడూ కాస్త ఎక్కువొస్తుంది. "రంపం తినేసిన పొట్టుకు కూడా మేమే డబ్బు కట్టాలా?" అని బాబాయిగారు నిలదీస్తారు. వంద రూపాయలు తగ్గుతాయి. ఆ వందా ఇంటికెళ్ళే ఆటోకి సరిపోతుంది.

డిపో పని లేని రోజుల్లో ఆయన మకాం వడ్రంగి షెడ్డులో. కాఫీ తాగి బయల్దేరి వెళ్ళి, మేస్త్రి కూర్చోవాల్సిన పీట మీద కూర్చుంటారు.

"ఏమయ్యా మేస్త్రీ, ఈ పలక చివర నెర్రెలిచ్చిందేం?" ప్రశ్న ఆయనదే, జవాబూ ఆయనదే. "కర్రలో నీళ్ళు చివర్ల నుంచి తొందరగా పోతాయి. కోసిన రోజే రెండు కొసలకూ ఇంత రంగో మైనమో పూసుంటే ఈ బాధ లేదు. ఆ పలక చూడు, మధ్యలో గుంట పడింది. కర్ర పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగా కుంచించుకుంటుంది. అందులోనూ వలయాల వెంబడి కుంచించుకునేది, నడిమి నుంచి బెరడు వైపుకు కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. వంగక ఏం చేస్తుంది? చిత్రిక పడుతుంటే పోగులు లేస్తున్నాయి, ఎదురు పడుతున్నావు, కర్ర తిప్పు. అతుకు ఊడిందా? టేకులో నూనె ఉంటుందయ్యా, చిత్రిక పట్టిన రోజే జిగురు పెట్టాలి. ఈ నల్లమరకేమిటి? తుమ్మచెక్కలో ఇనుప మేకు తడిస్తే అంతే. ఇత్తడి స్క్రూ బిగించు."

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు, మేస్త్రి బాధంతా అదే. అబద్ధమైతే ఎదురు చెప్పొచ్చు. నెర్రె వచ్చాక మైనం సంగతీ, పలక వంగాక వలయాల సంగతీ, మంచం కింద పొడి రాలాక పురుగు సంగతీ చెప్పే మనిషికి ఏం బదులిస్తాడు? ప్రతి పరీక్ష చివరా బాబాయిగారి మాట ఒకటే: "అప్పుడే నన్నొక్కమాట అడిగుంటే!"

శ్రావణం వచ్చిందంటే ఆయనకు క్షణం తీరిక ఉండదు. పేటలో తలుపులన్నీ పట్టేస్తాయి. "తడి పీల్చింది, అంతే. ఇప్పుడు గీయించకండి, చలికాలానికి అదే సర్దుకుంటుంది" అంటారు. ఎవరూ వినరు, మేస్త్రిని పిలిచి అంచులు గీయిస్తారు. సంక్రాంతికల్లా తలుపు సందులోంచి పక్కింటి టీవీ కనబడుతుంది. ఆ సందు చూసి పెదవి విరవడానికి బాబాయిగారు మళ్ళీ ఇంటింటికీ వెళ్తారు.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో మేడ మీద గదికి తలుపు లేదు. కర్టెన్ ఉంది. తలుపు కోసం కొన్న టేకు పలకలు పెరట్లో రేకుల కింద, నేలకు జానెడెత్తున, మధ్య మధ్య సన్న బద్దలు పెట్టి, గాలాడేట్టు పేర్చి ఉన్నాయి. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది పాత లెక్క. అంగుళమున్నర పలకకు ఏడాదిన్నర చాలు. కానీ ఏటా తొలకరి పడగానే "మళ్ళీ తడి పీల్చాయి" అని ఆయన లెక్క మొదటికి తెస్తారు. ఈలోగా అమ్మాయి పెళ్ళయింది, మనవడు పుట్టాడు, వాడు ఆ కర్టెన్ పట్టుకుని ఊగే వయసుకూ వచ్చాడు. "పెళ్ళప్పుడే ఆ పలకల్ని సారెలో పెట్టి పంపాల్సింది, అత్తారింట్లోనైనా ఆరేవి" అంటారు పిన్నిగారు.

చివరికి ఒక ఎండాకాలం ఆవిడే మేస్త్రిని పిలిపించారు. అతను పలక ఎత్తి చూసి, "ఎప్పుడో ఆరాయండీ" అన్నాడు.

"వానల్లో మళ్ళీ ఉబ్బుతాయి కదయ్యా!"

"ఉబ్బుతాయండీ. ఎండల్లో మళ్ళీ తగ్గుతాయి. తలుపయ్యాక కూడా ఏటా అదే పని. కర్ర కదలడం మానేదాకా ఆగితే ఏ ఇంటికీ తలుపుండదు బాబాయిగారూ. అందుకే నడిమి పలకకు మేకు కొట్టం, గాడిలో వదులుగా వదిలేస్తాం. చుట్టూ సందు ఉంచుతాం. అది కదులుతుంది, మనం చోటివ్వాలి, అంతేనండి."

బాబాయిగారు ఆ పూట మరి మాట్లాడలేదు. వారం తిరక్కుండా తలుపు తయారైంది. బిగించేటప్పుడు మేస్త్రి ద్వారబంధానికీ తలుపుకూ మధ్య రూపాయి బిళ్ళ దూర్చి సందు చూసుకుంటున్నాడు. బాబాయిగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"అది ఎండాకాలం సందా, వానాకాలం సందా?"

"వానాకాలానిదైతే ఈ బిళ్ళ చాలండి." మేస్త్రి చెయ్యి చాచాడు. "ఎండాకాలం కదా, రెండో రూపాయి మీరివ్వాలి."