అంటుకోని నాణెం

1943లో అమెరికాలో రాగికి కటకట వచ్చింది. తూటాల తొడుగులకూ, టెలిఫోన్ తీగలకూ పోగా చిల్లర డబ్బులకు మిగల్లేదు. మన దగ్గర అదే ఏడు కాణీకి నడిమధ్య చిల్లు పెట్టి లోహం ఆదా చేస్తే, అమెరికా వాళ్ళు ఒక సెంటు నాణేన్ని జింకు పూసిన ఉక్కుతో కొట్టారు. అయితే పాత రాగి బిళ్ళలు కొన్ని తొట్టెల్లో ఇరుక్కుపోయి, ఉక్కు బిళ్ళలతో కలిసి అచ్చుల కిందికి వెళ్ళాయి. అలా పుట్టిన ఆ ఏటి రాగి సెంట్లు అతి కొద్ది. 2019లో ఒకటి 2 లక్షల 4 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. మామూలు ఉక్కు సెంటుకు రాగిపూత పూసి అంటగట్టే మోసగాళ్ళూ తయారయ్యారు. వాళ్ళ ఆట కట్టించడానికి చిన్న అయస్కాంతం చాలు. అంటుకుంటే దొంగది.

మిగిలిపోయిన ఉక్కు బిళ్ళలకు మరుసటేడు కొత్త పని దొరికింది. జర్మన్ల చెర వదలబోతున్న బెల్జియం కోసం ఫిలడెల్ఫియా టంకశాల వాటి మీదే 2 ఫ్రాంకుల నాణేలు రెండున్నర కోట్లు కొట్టింది. రాజుగారి బొమ్మ లేని సాదా నాణేలవి. అప్పట్లో అదే టంకశాల నెదర్లాండ్స్‌కు 25 సెంట్ల వెండి నాణేలు కూడా కొట్టిపెడుతోంది. వీటి వెడల్పూ, వాటి వెడల్పూ ఒకటే, 19 మిల్లీమీటర్లు.

బ్రస్సెల్స్‌లో ఓ అమ్మమ్మ దగ్గర బిస్కెట్ల డబ్బాలో ఈ 2 ఫ్రాంకుల నాణేలు ఇరవైకి పైగా ఉండేవి. 1944 సెప్టెంబర్ 3న ఊరు విడుదలైనప్పుడు ఆమె చిన్నపిల్ల. ఆ తర్వాత తన చేతికొచ్చిన మొదటి చిల్లర అని దాచుకుంది. కాలేజీలో చదివే మనవడికి నాణేల పిచ్చి. రాగి సెంటు కథంతా చదివాడు, అయస్కాంతం కొనుక్కున్నాడు. ఓ ఆదివారం డబ్బా బోర్లించి పరీక్ష మొదలుపెట్టాడు.

ఉక్కు రేకుకు ముందే పూత పూసి, తర్వాత బిళ్ళలు కోస్తారు కాబట్టి కోసిన అంచుకు పూత ఉండదు. అందుకే ప్రతి నాణేనికీ అంచు చుట్టూ తుప్పు ఎర్రగా పేరుకుంది. ఒక్కొక్కటీ టక్కున వచ్చి అయస్కాంతానికి అతుక్కుంటోంది. ఒకటి మాత్రం కదల్లేదు.

"అమ్మమ్మా, ఇందులో ఒకటి దొంగది."

"ఏదీ? అదా? అదొక్కటే తుప్పు పట్టలేదురా. ఇన్నేళ్ళయినా అలాగే ఉంది."

"అందుకే దొంగదంటున్నా. ఉక్కయితే అంటుకోవాలి కదా!"

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. నేర్చుకున్నదాన్ని శ్రద్ధగా పాటించాడు. అమ్మమ్మ కూడా ఇక వాదించలేదు. ఇల్లు మారే హడావుడిలో ఉంది, డబ్బా మొత్తం అమ్మేసి రమ్మంది.

ఊళ్ళో జ్యూ ద బాల్ చౌక్‌లో రోజూ పాతసామాన్ల సంత జరుగుతుంది. అక్కడ నాణేలమ్మే పెద్దాయన ముందు కుర్రాడు డబ్బా తెరిచాడు.

"ఇవన్నీ మంచివే. ఇదొక్కటీ మాత్రం దొంగది. అయస్కాంతానికి అంటుకోలేదు. దీనికి మీరు డబ్బివ్వక్కర్లేదు."

పెద్దాయన ఒక నాణెం తీసి త్రాసు మీద పెట్టాడు. 2.75 గ్రాములు తూగింది. తర్వాత ఆ దొంగదాన్ని పెట్టాడు. మూడున్నర దాటింది. గోటితో అంచు ఒకసారి తడిమాడు. ఏమీ మాట్లాడకుండా మంచివన్నీ ముందున్న పళ్ళెంలో గుమ్మరించి, దొంగదాన్ని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

పది యూరోలు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. కుర్రాడు వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, ఇంకో యూరో తీసిచ్చాడు.

"ఇది నీ నిజాయితీకి, బాబూ."