నీలాపనింద: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

కొత్త ప్యాంటు తొడిగి కూరుచుండఁగఁ దెల్ల
సోఫ కంటె నీలి సోయగంబు;
అమ్మినట్టి వాని నడుగఁబోయిన యంత
బిల్లు క్రిందఁ జూపె వ్రేలితోడ.

అవతారిక

కవి ఎవరో తెలియదని రాయడం టీకాకారుల మర్యాద. ఈ పద్యం నేనే కట్టాను గనక ఆ మర్యాద పాటించడం కొంచెం ఇబ్బందే, అయినా పాటిస్తున్నాను. కవి అజ్ఞాతుడు. కాలం 2020 జూలై 20కి తరువాతిది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అమలులోకి వచ్చింది ఆనాడే. అంతకు ముందటి కవి అయితే నాలుగో పాదం తరువాత ఏడుస్తూ ఐదో పాదం అందుకునేవాడు. దేశం తెలుగుదేశం. సోఫా తెల్లది గనక ఆ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయి ఉండాలి. రసం సంగతికొస్తే మొదటి పాదంలో శృంగారం, రెండులో అద్భుతం, మూడులో వీరం, నాలుగులో శాంతం. ఆ శాంతం అమ్మినవాడిది.

ప్రతిపదార్థం

కొత్త = ఒక్కసారి కూడా నీళ్లు చూడని. మన ఇళ్లలో కొత్త బట్ట కట్టుకునే ముందు అంచుకు పసుపు రాయడం ఆచారం. ఆ పసుపు అంటిందని ఇంతవరకు ఎవరూ ఎవరి మీదా దావా వేసినట్టు లేదు. అది మనం తెలిసి పెట్టుకున్న మరక. ఈ పద్యంలోది చెప్పకుండా వచ్చిన మరక. ఈ భేదం గుర్తుంచుకుంటే తరువాతి వ్యాఖ్యానమంతా సులువు.

ప్యాంటు = జీన్స్. 'జీన్సు' అన్నా గణం సరిపోయేదే. ఎర్ర కుర్తీకైనా, నల్ల లెగ్గింగుకైనా, కలంకారీ చున్నీకైనా ఇదే గతి పట్టవచ్చునని కవి సామాన్యంగా చెప్పాడు. తరువాతి పాదంలో 'నీలి' అని వచ్చి గుట్టు బయటపెట్టింది.

తొడిగి, కూరుచుండఁగన్ = అర్థం స్పష్టం. అయితే చట్టంలో ఇవి బరువైన క్రియలు. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పుచేర్పులు చేసినా అమ్మినవాడి మీద దావా కుదరదని 87వ సెక్షన్. ప్యాంటు తొడుక్కోవడం, తొడుక్కుని కూర్చోవడం ఏ శాస్త్రంలోనూ దుర్వినియోగం కాదు. తడి ప్యాంటును సోఫా మీద ఆరేసి ఉంటే వేరే మాట.

తెల్ల సోఫ = తెల్లనిదైన సోఫా. దీర్ఘాన్ని ఛందస్సు మింగింది. ఈ పద్యానికి ప్రాణం ఈ మాటే. చట్టంలో 'హాని' అనే మాటకు నిర్వచనం ఉంది, 2(22)లో. ఉత్పత్తి బాధ్యత కింద హాని అంటే ఆ వస్తువు కాక మరో ఆస్తికి కలిగిన నష్టం కూడా. వస్తువుకే కలిగిన నష్టం మాత్రం కాదు. అంటే ప్యాంటు వెలిసిపోతే ఉత్పత్తి బాధ్యత అధ్యాయం పలకదు, దానికి లోపమున్న సరుకు కింద మామూలు ఫిర్యాదు దారి వేరే ఉంది. సోఫాకు అంటిందా, ఈ అధ్యాయమంతా మనదే. కొన్నవాడు దుకాణానికి ప్యాంటు పట్టుకెళ్లి ప్యాంటు గురించే పోట్లాడతాడు. అక్కడే సగం ఓడిపోతాడు. పద్యంలో నాయకుడు ప్యాంటు కాదు, సోఫా. (ఆ సోఫా వియ్యాలవారిది అయితే మాత్రం ఈ వ్యవహారం తీర్చగల కమిషన్ దేశంలో లేదు.)

కంటె = ఇక్కడ పాఠకుడు జాగ్రత్తగా ఉండాలి. 'సోఫ కంటె' అని చదివితే సోఫాకన్నా నీలి సోయగమే మిన్న అని వస్తుంది. ఇది అమ్మినవాడి పాఠం. 'సోఫకు + అంటె' అని విడదీస్తే సోఫాకు అంటుకుంది అని. ఇది కొన్నవాడి పాఠం, మనకు గ్రాహ్యం. ఇలాంటి 'కు'లోని ఉకారానికి సంధి వైకల్పికమని, అంటే చేయవచ్చు మానవచ్చునని, వ్యాకర్తలు చెప్పారు. రంగు మాత్రం ఆ వికల్పం ఎవరికీ ఇవ్వలేదు.

నీలి సోయగంబు = నీలిమందు అందం. ఇక్కడ కొంచెం ఆగాలి. కడప, నెల్లూరు సీమల్లో ఒకప్పుడు నీలి మొక్క పండించి రంగు తీసేవారు. 1897లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చాక ఆ సాగు క్రమంగా చల్లబడింది. మొక్కదైనా కృత్రిమమైనా నీలి స్వభావం ఒకటే. అది నీళ్లలో కరగదు. కరగనిదాన్ని నూలుకు పట్టించాలంటే ముందు రసాయనాలతో కరిగే రూపంలోకి మార్చి, ఆ తొట్టెలో పడుగు దారాన్ని ముంచి, పైకి తీసి గాలికి పెడతారు. గాలి తగలగానే మళ్లీ కరగని నీలంగా మారి దారాన్ని పట్టుకుంటుంది. చిక్కని రంగు కావాలంటే ముంచడం, గాలికి పెట్టడం మళ్లీ మళ్లీ చేయాలి. పేక దారానికి రంగు వేయరు. అందుకే ప్యాంటు లోపలివైపు పాలిపోయి ఉంటుంది.

ఇంత చేసినా రంగు దారం పైపొరలోనే నిలుస్తుంది, లోపల తెలుపు తెలుపుగానే ఉంటుంది. నీలికీ నూలుకూ రసాయన బంధుత్వం లేదు. అద్దెకున్నవాడిలా ఉంటుంది, రాపిడి తగిలితే ఖాళీ చేస్తుంది. మోకాళ్ల దగ్గర జీన్స్ వెలిసి అందం తెచ్చుకోవడానికి కారణం ఇదే. ఆ వెలిసినతనానికి జనం ఎక్కువ డబ్బిచ్చి కొంటారు. వెలిసిన రంగు ఎటు పోయిందని అడగరు. కొంత సోఫాకు పోయింది.

రంగు ఇలా రాపిడికి దిగడాన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది. భారతీయ ప్రమాణాల్లో దాని సంఖ్య ఐఎస్ 766. క్రాక్‌మీటర్ అనే యంత్రంలో చిన్న మేకుకు తెల్ల నూలు గుడ్డ చుట్టి, రంగు బట్ట మీద పదిసార్లు ముందుకూ వెనక్కూ రుద్దుతారు. ఒకసారి పొడిగా, ఒకసారి తడిపి. గుడ్డకు అంటిన మరకను బూడిదరంగు పట్టీతో పోల్చి 5 నుంచి 1 వరకు మార్కు వేస్తారు. 5 అంటే మరకే లేదు, 1 అంటే చెప్పనక్కర్లేదు. తడి రాపిడిలో నీలికి మార్కులు మరీ తగ్గుతాయి. వైశాఖంలో విజయవాడలో చెమటలు కారుతూ సోఫాలో చేరబడ్డవాడు ఈ పరీక్షనే నిర్వహిస్తున్నాడు, కాకపోతే గుడ్డ స్థానంలో ఎనభై వేల సోఫా ఉంది. అది రెక్సిన్‌దైతే ఇంకా కష్టం. పీవీసీ మెత్తగా ఉండటానికి కలిపే పదార్థాలు రంగును లోపలికి లాక్కుంటాయి. వారం తరువాత తుడిస్తే పోవడానికి అది పైన ఉండదు.

అమ్మినట్టి వానిన్ = ఎవరిని? 'అమ్మినట్టి' అనే ఈ విశేషణం చాలామందిని తప్పుదారి పట్టించింది. అమ్మినవాడు వేరు, తయారుచేసినవాడు వేరు. తయారీదారు పని 84వ సెక్షన్‌ది, అమ్మినవాడి పని 86ది. తయారీదారు పేరూ ఊరూ లేని ప్యాంటు అయితే అమ్మినవాడే పూచీ. దుకాణం సొంత బ్రాండు వేసుకుని లేబులు కుట్టించుకుంటే అప్పుడూ తప్పించుకోలేడు. కంపెనీ ఇచ్చిన హెచ్చరికను కొన్నవాడికి చేరవేయకపోయినా అంతే. కాబట్టి ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చడం వివేకుల పద్ధతి.

అడుగఁబోయిన యంత = అడగడానికి వెళ్లగానే. విశేషం లేదు.

బిల్లు క్రిందన్ = చీమతలంత అక్షరాలతో రెండు వాక్యాలు. ఒకటి: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' రెండు: 'రంగుకు, జరీకి గ్యారంటీ లేదు.' మొదటిదానిలో కర్మణి ప్రయోగం గమనార్హం. ఎవరు తీసుకోరో చెప్పలేదు. అలా చెప్పకపోవడమే ఆ వాక్యం పని. అయితే లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2(47). బిల్లే ఇవ్వకపోవడం కూడా ఆ పట్టికలోదే. అచ్చు చిన్నదైనంత మాత్రాన చట్టం చిన్నదైపోదు.

రెండో వాక్యం తెలివైనది. రంగుకు గ్యారంటీ లేదంటున్నాడు, ఒప్పుకుందాం. రంగు ప్యాంటు మీద ఉంటుందని గ్యారంటీ లేదు, అంతవరకే. సోఫా మీదికి వెళ్లవచ్చునని ఎక్కడ చెప్పాడు? పైగా గ్యారంటీ షరతుల ఉల్లంఘన వల్ల ఆస్తికి కలిగిన నష్టాన్ని 'హాని' నిర్వచనం లోంచి తీసేశారు. అందుచేత తెలిసినవాడు దుకాణంలో గ్యారంటీ ఊసే ఎత్తడు. అడగవలసిన ప్రశ్న మరొకటి: హెచ్చరిక ఏదీ?

వ్రేలితోడన్ = చూపుడు వేలితో. బి–వ్రే యతి చెల్లుతుంది, బకార వకారాలకు అభేదం గనక. ఆ వేలు చూపిన చోటు మాత్రం తప్పు. చూడవలసింది బిల్లు కింద కాదు, ప్యాంటు నడుము లోపలివైపు. అక్కడ చిన్న లేబులు ఉంటుంది. దాని మీద 'ముదురు రంగు లేత బట్టలకు, సోఫాలకు అంటవచ్చు, విడిగా ఉతకండి' అనే అర్థం వచ్చే మాట ఉందా లేదా అన్నదే ఈ పద్యానికి అసలు మూలం.

పూర్వపక్షం

ఆ మరక మా ప్యాంటుదే అనడం నీలాపనింద అని అమ్మినవాడు. చవితినాడు చంద్రుణ్ణి చూడకపోయినా ఈ నింద వస్తుందని ఆయన బాధ. దీనికి సమాధానం వాదంలో లేదు, పరీక్షలో ఉంది. పరీక్ష లేనిదే లోపం తేలదనుకుంటే కమిషన్ నమూనాను సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుందని 38వ సెక్షన్. నివేదికకు గడువు 45 రోజులు. పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. ఇది కాస్త చేదు సంగతి.

కొత్త జీన్స్ రంగు దిగుతుందని లోకానికంతా తెలుసు గదా అని కంపెనీ తరఫు వకీలు. ఇది బలమైన పూర్వపక్షం, తేలిగ్గా తీసిపారేయరాదు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించకపోతే తయారీదారుకు బాధ్యత లేదని 87(4) స్పష్టంగా చెబుతోంది.

సిద్ధాంతం

ఉతికితే రంగు దిగుతుందని లోకానికి తెలుసు, నిజమే. మన అమ్మలు కొత్త బట్టను వేరే బకెట్లో నానబెట్టేది అందుకే. కూర్చుంటే సోఫాకు ఎక్కుతుందని లోకానికి తెలియదు. ఒకటి నీళ్ల సంగతి, మరొకటి రాపిడి సంగతి. మొదటిదాని జ్ఞానాన్ని రెండోదానికి అంటగట్టడం న్యాయం కాదని ఈ టీకాకారుడి మతం. కమిషన్ ఒప్పుకుంటుందా అన్నది లేబులును బట్టి. హెచ్చరిక స్పష్టంగా కుట్టి ఉంటే, చదవకపోవడం మన తప్పే, ఇంటికి వెళ్లి సోఫాకు కవరు వేసుకోవాలి. లేకుంటే 84వ సెక్షన్‌లో హెచ్చరిక లోపం అనే పట్టు దొరికినట్టే.

ఎర్ర కుర్తీ అయితే వాదన మారుతుంది. నూలుకు వాడే రియాక్టివ్ రంగులు దారంతో గట్టిగా ముడిపడతాయి, ముడిపడకుండా మిగిలిన రంగును మిల్లులో సబ్బు నీళ్లతో కడిగేయాలి. నీళ్లూ ఆవిరీ మిగుల్చుకుందామని ఆ కడుగుడు తగ్గించినవాడి కుర్తీయే సోఫాను ఎర్రగా చేసేది. అక్కడ హెచ్చరిక గొడవ అక్కర్లేదు, అది తయారీ లోపమే. నీలికి రంగు దిగడం స్వభావం, ఎరుపుకు రంగు దిగడం పనిదొంగతనం.

నష్టం ఎంత అడగాలి? పదేళ్ల సోఫాకు కొత్త సోఫా ధర అడిగినవాడు తన కేసును తానే పలచన చేసుకుంటాడు. శుభ్రం చేయించడానికో, పై బట్ట మార్పించడానికో అయ్యే ఖర్చుకు రాతపూర్వకంగా అంచనా తెచ్చుకోవాలి.

తాత్పర్యం

ఒకానొకడు కొత్త ప్యాంటుతో తెల్ల సోఫాలో కూర్చుండగా నీలిరంగు అంటుకొనెను. విక్రేతను అడుగగా అతడు బిల్లు కింది వాక్యమును చూపెను. ఆ వాక్యము ప్యాంటుకే గాని సోఫాకు వర్తింపదని భావము.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివినవారు రెండేళ్ల లోపల తమ ఊళ్లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయగలరు, ప్యాంటు ఏ ఊరి కంపెనీదైనా సరే. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందు మాట సాయం కావాలంటే 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు, లేబులు, మరక పడ్డ రోజు తీసిన ఫోటో ఒకచోట పెట్టుకోండి. సోఫాను వెంటనే తుడవండి. ప్యాంటును మాత్రం ఇంట్లో ఎవరెంత చెప్పినా ఉతకవద్దు. రేపు ప్రయోగశాలకు వెళ్లవలసిన సాక్షి అదొక్కటే.