ముందు ఫీజు కట్టినవాడే నంబర్ వన్

కాలేజీ ఫెస్టులో వాలరెంట్ అనే వీడియో గేము పోటీ. 16 టీములు. ఒకటో సీడ్‌కి పదహారో సీడ్, రెండుకి పదిహేను, మూడుకి పద్నాలుగు. ఇంతవరకు నాకేమీ అభ్యంతరం లేదు. గట్టివాళ్లిద్దరూ మొదటి రౌండులోనే తలపడి ఒకరు ఇంటికి పోకుండా, ఫైనల్ దాకా వాళ్లను ఎడంగా ఉంచడానికే ఈ ఏర్పాటంతా. కానీ ఆ ఒకటో సీడ్ ఎవరో, పదహారో సీడ్ ఎవరో తేల్చిన పద్ధతి విన్నప్పటినుంచీ నాకు అన్నం సహించడం లేదు. ఫీజు కట్టిన వరస! ముందు కట్టినవాడు ఒకటి, చివర కట్టినవాడు పదహారు.

మా మేనల్లుడి టీము కిందటేడు అదే కాలేజీ ఫెస్టులో, అదే వాలరెంట్‌లో రన్నరప్. ఈసారి వాళ్ల డబ్బుల వ్యవహారం చూసే కుర్రాడి ఫోనులో యూపీఐ తిరిగి తిరిగి ఆగిపోయింది. తీరిగ్గా మర్నాడు కట్టాడు. అంతే, పదహారో సీడ్. ఫెస్టు ప్రకటన రాగానే ఎగబడి కట్టేసింది ఎవరయ్యా అంటే, కిందటేటి విజేతలు. దాంతో కిందటేటి ఫైనల్ ఈ ఏడు పొద్దున్న పదింటికి, మొదటి రౌండులో, మైకువాడు ఇంకా ‘హలో, చెక్ చెక్’ అంటుండగానే జరిగిపోయింది. మావాళ్లు పోయారు.

డ్రా వేసిన కుర్రాణ్ణి వెతికి పట్టుకున్నాను. “షీట్‌లో ఎలా ఉంటే అలా వేసేశాం అంకుల్” అన్నాడు. మరి కిందటేటి ఫలితాలో? “అవి సీనియర్ల దగ్గర ఉంటాయి అంకుల్. వాళ్లు పాసై వెళ్లిపోయారు.”

“లైట్ తీసుకో మామయ్యా” అన్నాడు మా మేనల్లుడు. ఓడినవాడు లైట్ తీసుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నేను రాత్రిళ్లు లేచి కూర్చుని, కరెంటు బిల్లు వెనకాల బ్రాకెట్లు గీస్తున్నాను.

ఇలా గీసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తెలిశాక కొంచెం ఊరట కలిగింది. 1883లో ఒక ఇంగ్లీషు పెద్దమనిషి లాన్ టెన్నిస్ పోటీల మీద ఇలాగే మండిపడి, ఏకంగా ఓ చిన్న పుస్తకమే అచ్చువేయించాడు. ఆయన పేరు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల మేష్టారు. లూయీ కారల్ అన్న పేరుతో ఆలిస్ కథలు రాసింది ఈయనే. కుందేలు జేబులో గడియారం పెట్టిన మనిషికి టెన్నిస్ నాకౌట్ అర్థం లేనిదిగా తోచిందంటే ఆలోచించాల్సిందే. 32 మంది ఆడితే, నిజంగా రెండో మొనగాడైనవాడికి రెండో బహుమతి దక్కే అవకాశం 31లో 16 పాళ్లేనని ఆయన లెక్కగట్టాడు. మొదటి మొనగాడు ఉన్న సగంలో పడ్డావా, నువ్వెంతటివాడివైనా ఫైనల్ గడప తొక్కవు. మొదటి నలుగురికీ ఎవరి బహుమతి వారికి దక్కడం మీద పందెం కాస్తే 12కి 1 చొప్పున ఎదురు.

ఊరికే తిట్టి వదల్లేదు, మందు కూడా చెప్పాడు. ఒక్క ఓటమికే ఎవరినీ పంపెయ్యకూడదు. తనకన్నా పైవాళ్లు ముగ్గురున్నారని తేలినప్పుడే పంపాలి. ఇందులో ఓ మెలిక ఉంది. నన్ను ఓడించినవాడే కాదు, వాణ్ణి ఓడించినవాడు కూడా నాకు పైవాడి కిందే లెక్క.

ఈ సూత్రాన్ని మా ఇంట్లో టీవీ రిమోటు మీద పరీక్షించాను. రాత్రి ఏడున్నరకి రిమోటు కోసం జరిగిన పోటీలో నన్ను మా చిన్నది ఓడించింది. దాన్ని వాళ్ల నాయనమ్మ ఓడించింది. నాయనమ్మని ఎదురింటి పిన్నిగారు ఓడించారు; ఆవిడ ఇంట్లో కేబుల్ పోయింది, ఆవిడ చూసే సీరియల్ వేరే చానెల్లో వస్తుంది. పిన్నిగారు నాతో ఒక్క మాట అనలేదు, అసలు నావైపు చూడనైనా లేదు. అయినా డాడ్జ్‌సన్ గారి లెక్కలో నాకు ముగ్గురు పైవాళ్లు తేలిపోయారు, నేను ఔట్. మా చిన్నదానికి ఇద్దరే కాబట్టి అది ఇంకా పోటీలో ఉన్నట్టు. మూడు బహుమతులూ ఎవరెవరివో ప్రకటనల విరామం లోపే ఖరారయ్యాయి. ఆడింది ఒక్క మ్యాచే అయినా, ఎందుకు ఓడానో ఇంత స్పష్టంగా నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. పాపం డాడ్జ్‌సన్ మాట టెన్నిస్ వాళ్లు చెవిన పెట్టలేదు. వింబుల్డన్‌లో ఆటగాళ్ల సత్తాను బట్టి పూర్తిస్థాయి సీడింగ్ 1927లో గానీ రాలేదు. అప్పటికి ఆయన పోయి 29 ఏళ్లు.

సరే, కాలేజీ పిల్లలకు తెలియదనుకుందాం. కోట్ల డాలర్లు పెట్టి ఆడించేవాళ్లకేమైంది? పెద్ద పోటీల్లో డబుల్ ఎలిమినేషన్ అని ఉంటుంది. ఒకసారి ఓడితే లోయర్ బ్రాకెట్‌కి దిగుతారు, రెండోసారి ఓడితే ఇంటికి. అందరికీ రెండేసి ప్రాణాలన్నమాట. న్యాయంగానే ఉందే అనుకునేలోపు ఫైనల్ వచ్చిపడుతుంది. 2021లో బుకారెస్ట్‌లో జరిగిన డోటా 2 ప్రపంచ పోటీ, ‘ది ఇంటర్నేషనల్’ సంగతి చూడండి. చైనా టీము పీఎస్‌జీ ఎల్‌జీడీ నాకౌట్ దశలో ఒక్క సిరీసూ ఓడకుండా అప్పర్ బ్రాకెట్ మీదుగా ఫైనల్‌కి వచ్చింది. రష్యా నుంచి వచ్చిన టీమ్ స్పిరిట్ ఒకసారి ఓడి, కిందికి దిగి, అక్కణ్ణుంచి ఒక్కొక్కరినీ ఇంటికి పంపుకుంటూ పైకెక్కింది. ఫైనల్లో స్పిరిట్ 3–2తో గెలిచింది. అద్భుతంగా ఆడారు, కాదనను. కానీ లెక్క చూడండి: నాకౌట్‌లో వాళ్లు ఓడింది ఒక్క సిరీస్, వీళ్లు ఓడిందీ ఒక్క సిరీసే. వాళ్లకి 1 కోటి 82 లక్షల డాలర్లు, వీళ్లకి 52 లక్షలు. ఎప్పుడూ ఓడనివాడొక్కడికే రెండో ప్రాణం లేదు!

ఫైటింగ్ గేముల వాళ్లు ఈ విషయంలో నయం. ఎవో పోటీల్లో లోయర్ నుంచి వచ్చినవాడు ఫైనల్లో అవతలివాణ్ణి ఒకసారి ఓడిస్తే ఇద్దరూ సమానమైనట్టు లెక్క. మళ్లీ మొదటినుంచి ఆడి గెలవాలి. ఆట ఎప్పుడు ముగుస్తుందో తెలియదని గొణిగేవాళ్లుంటారు. గొణగనివ్వండి. వాలరెంట్ పెద్ద పోటీల్లో మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు: ఫైనల్లో నచ్చని మ్యాపుల్ని కొట్టేసే హక్కు అప్పర్ నుంచి వచ్చినవాళ్లకి ఇస్తారు. నా కంటికి అది నష్టపరిహారంగానే కనిపిస్తుంది.

రూలు వంకరగా ఉంటే ఆడేవాళ్లు దాన్నిబట్టే నడుస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్‌కి గ్రూపు దశ పెట్టారు. మహిళల డబుల్స్‌లో ఓడితే ముందు తేలికైన దారి దొరుకుతుందని నాలుగు జంటలు గెలవకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాయి. సర్వీసులు నెట్టుకి కొట్టారు. జనం ఈలలేసి గోల చేశారు. చివరికి ఎనిమిది మందినీ బయటికి పంపారు. అదే పోటీలో మన హైదరాబాదీ గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలిసి ఆడి, గెలుపుల్లో మరో రెండు జంటలతో సమానంగా నిలిచి కూడా ఒకే ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్స్‌కి చేరలేకపోయింది. వాళ్ల గ్రూపులోని జపాన్, తైపీ మ్యాచ్ మీద మనవాళ్లు పెట్టిన ఫిర్యాదు చెల్లలేదు. ఇప్పటికీ ఆ పాయింటు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా మేనల్లుడు ఆడిన ఆ ఫెస్టులోనే ఇంకో టీము ఉంది. అయిదుగురు కుర్రాళ్లు, ఏదో చిన్న ఊరి డిగ్రీ కాలేజీ, రాత్రి బస్సులో వచ్చారు. ఎవరి కీబోర్డూ మౌసూ వాళ్లే సంచుల్లో తెచ్చుకున్నారు. మొదటి మ్యాచ్‌లోనే ఓడారు, పదకొండు కాకుండానే వాళ్ల పని అయిపోయింది. తిరుగు బస్సు రాత్రికి. ఆ రోజంతా గోడవారన నిలబడి మిగతావాళ్ల ఆట చూస్తూనే ఉన్నారు. వాళ్లకి నిజంగా న్యాయంగా సీడింగ్ ఇచ్చినా అట్టడుగు సీడే వచ్చేది, ఎందుకంటే వాళ్లు అంతకుముందు ఎక్కడా ఆడలేదు. మా మేనల్లుడికి కిందటేటి మెడలైనా ఉంది గోడకి. వాడి తరఫున ఇంత పోట్లాడుతున్న నాకు, ఆ అయిదుగురి తరఫున ఏ రూలు అడగాలో తోచలేదు.

16 టీములకి నాకౌట్ అయితే 15 మ్యాచులు, డబుల్ ఎలిమినేషన్ అయితే కనీసం 30. ఒక్క రోజులో అవదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ల్యాబులో 40 పీసీలున్నాయి. సాయంత్రం ఫైనల్ జరుగుతున్నప్పుడు పది మంది ఆడుతున్నారు, 30 పీసీలు ఊరికే వెలుగుతున్నాయి. గోడవారన ఉన్న ఆ అయిదుగురిలో ఒకడు వెళ్లి నిర్వాహకుణ్ణి అడిగాడు: “అన్నా, ఓడినోళ్లకి ఇంకో మ్యాచ్ ఏమన్నా ఉంటదా? ప్రైజు లేకపోయినా పర్లేదు.” నేనూ వంత పాడాను.

“రూల్స్‌లో లేదు అంకుల్” అన్నాడు నిర్వాహకుడు నాతో, వాడితో కాదు.

ఆ రూల్స్ కాగితం నేనూ చదివాను. ఫీజు కట్టిన వరసలో సీడింగ్ ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు.