అడవికి దిష్టిబొమ్మలు

ఈ కాలపు యాత్రికుడి కంటికి చోట్లు ఆనవు, పాయింట్లే ఆనుతాయి. వ్యూ పాయింట్, సెల్ఫీ పాయింట్, బోటింగ్ పాయింట్. పాయింట్ లేని అడవి దగ్గర బండి ఆపితే "ఇక్కడ దిగి ఏం చెయ్యాలె?" అంటాడు. ఏమీ చెయ్యనక్కర్లేదని చెబితే మన వంక అనుమానంగా చూస్తాడు.

మా దేవరకొండకు చూసేవాటి కరువు లేదు. ఊరిని ఆనుకొని గుట్టల మీద పద్నాలుగో శతాబ్దం నాటి రేచర్ల పద్మనాయకుల ఖిల్లా ఉంది. ఓ పక్కకు పోతే నాగార్జునసాగర్, ఇంకో పక్కకు పోతే కృష్ణ వెనుక జలాలు. డిండి దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే నల్లమల, అందులో 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఇంత ఉండీ, చుట్టమొస్తే ఎక్కడికి తీసుకుపోవాలో మాకు పాలుపోదు. చుట్టానికి కావలసింది చూడ్డం కాదు, చూసొచ్చినట్టు నలుగురికీ తెలియడం.

హైదరాబాదులో ఉండే మా బామ్మర్ది ఈ విద్యలో ఆరితేరినవాడు. ఖిల్లా ఎక్కించాను. రాతి దర్వాజాలు, కోనేర్లు, కూలిన మంటపాలు, గోడల మీద మొలిచిన సీతాఫలం చెట్లు అన్నీ చూపించాను. అంతా చూసి, "మంచిగనే ఉంది బావా, గానీ పైన ఓ కూల్‌డ్రింకు షాపు లేకపాయె" అన్నాడు. పద్మనాయకుల పరిపాలనలో ఈ లోటు ఉన్నమాట నిజమే.

అక్కణ్నుంచి వైజాగ్ కాలనీకి పోయాం. సాగర్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చి, నీళ్ల ఒడ్డునే స్థిరపడిపోయినవాళ్ల ఊరది. ఒకప్పుడు చేపలు కొనేవాళ్లు తప్ప ఎవరూ పోయేవారు కాదు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు, ఇంకెవరో దానికి మినీ మాల్దీవులని పేరు పెట్టారు. మాల్దీవులకు పోనివాళ్లంతా పోలిక బాగా కుదిరిందన్నారు. ఇక ఆదివారమొస్తే ఒడ్డున కార్లు, పడవల్లో పిల్లలు, పెనాల మీద చేపలు. మా బామ్మర్ది నీళ్లకేసి చూసి గుండెల నిండా గాలి పీల్చి, "ఎంత నేచురల్ బావా!" అన్నాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట లేకపోతే ఆ నేచర్ అక్కడ ఉండేదే కాదని చెప్పబోయాను. అప్పటికే వేయించిన చేప వచ్చేసింది. వేయించిన చేప ముందు చరిత్ర నిలవదు.

మర్నాడు అడవి. అమ్రాబాద్ సఫారీ బండెక్కగానే గైడును "పులి ఎన్నిటికొస్తది?" అని అడిగాడు. గైడు చెంచు కుర్రాడు. "మీరొస్తున్నట్టు దానికి ఎవ్వరు చెప్పలే సార్" అన్నాడు నిదానంగా. దారి పొడుగునా ఆ కుర్రాడు ఏదో ఒకటి చూపిస్తూనే ఉన్నాడు: ఎలుగుబంటి తవ్వి వదిలిన చెదల పుట్ట, దుప్పుల అడుగులు, బీడీలకు కోసే తునికాకు. మా బామ్మర్దికి ఇవన్నీ పులి రాకముందు వేసే ప్రకటనల్లా తోచాయి. ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర దిగాక గానీ కుదుటపడలేదు. లోయ వైపు వీపు, ఫోను వైపు మొహం పెట్టి పని కానిచ్చాడు. వెనక మడతలు మడతలుగా కొండలు ఎక్కడిదాకా పోతున్నాయో తిరిగి చూడలేదు. ఫోటోలో ఉంటాయని ధీమా.

ఇలాంటివాళ్లను చూస్తే నాకు చాలాకాలం ఒళ్లు మండేది. ఇప్పుడు మండదు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు ముందర దిష్టిబొమ్మ కడతారు. దారినపోయేవాళ్ల కన్ను దాని మీద పడితే ఇల్లు క్షేమం. ఈ పాయింట్లన్నీ అడవికి కట్టిన దిష్టిబొమ్మలే. సాగర్ పక్కన 274 ఎకరాల బుద్ధవనం ఉంది, గేట్లెత్తితే ఆనకట్ట ముందు తిరునాళ్లే. ఆ జనమంతా నల్లమల లోపలికి నడిస్తే ఏమయ్యేదో తల్చుకోండి. లోయలో ఉన్న సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి జాతరకు ఏటా కొద్ది రోజులే దారి వదులుతారు. రాత్రి తొమ్మిదికి మన్ననూరు చెక్‌పోస్టు మూస్తే పొద్దున ఆరు దాకా బండి కదలదు. 2024 జులై నుంచి అక్కడ ప్లాస్టిక్‌కు కూడా ప్రవేశం లేదు. ఇన్ని కాపలాలున్నా, సగం పని చేసిపెట్టేది ఆ వేయించిన చేపే.

అట్లాగని యాత్రికుణ్ని తీసిపారెయ్యలేం. 2019లో యురేనియం అన్వేషణ అనే మాట వచ్చినప్పుడు నల్లమల అంతా ఉలిక్కిపడింది. మా పక్కనే చందంపేట మండలంలోని చిత్రియాల పేరు అంతకుముందే యురేనియం లెక్కల్లో ఉంది. అడవిలో ఏమీ లేదనే మాట యాత్రికుణ్ని ఆపుతుంది గానీ, నేల కింద ఏముందో లెక్కగట్టినవాణ్ని ఆపదు. అప్పుడు చెంచులు, ఊళ్లవాళ్లు గొంతెత్తితే, పట్నంలో వాళ్లతో గొంతు కలిపినవాళ్లలో సగంమంది నల్లమలను చూసింది వ్యూ పాయింట్ నుంచే. లోయకు వీపు పెట్టి నిలబడ్డ మా బామ్మర్ది కూడా ఆ ఫోటోనే పెట్టి, కింద సేవ్ నల్లమల అని రాశాడు. ఆ సెప్టెంబరులోనే యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. తీర్మానంలో వాడి ఫోటో వాటా ఎంతో నేను చెప్పలేను. వాడు మాత్రం చెప్పగలడు, ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

కాబట్టి నేనొక నిర్ణయానికొచ్చాను. యాత్రికుడు రావాలి, అడవి మీద మనసు పడాలి, పాయింట్ దగ్గరే ఆగిపోవాలి. ఈ మధ్య మా బామ్మర్దికి ప్రేమ ముదిరింది. "బావా, ఈసారి పాయింట్లు గీయింట్లు వద్దు, లోపల్నే రెండ్రోజులుందాం" అన్నాడు. లోపల ఫోన్ సిగ్నల్ దొరకదని చెప్పాను. ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత, వైజాగ్ కాలనీలో చేపలు ఎట్లున్నాయని అడిగాడు.