సోమలింగం పుట్టాక పెళ్లిచూపులు

సాఫ్ట్‌వేర్ తయారీకి ఒక వరస ఉందని ఇంజనీరింగ్ పుస్తకాలు చెబుతాయి. ముందు వాడేవాళ్లకేం కావాలో కనుక్కోవాలి, తర్వాత డిజైన్ గీయాలి, ఆపైన కోడ్ రాయాలి, పరీక్షించాలి. మన కృష్ణా జిల్లా ఇంజనీరింగ్ ఫైనలియర్ బ్యాచ్‌లు ఈ వరసను బాగా సులువు చేశాయి. అమీర్‌పేటలోనో బెజవాడలోనో కోడ్ కొంటారు. గుడివాడ జిరాక్సు షాపులో ప్రాజెక్టు రికార్డు బైండింగుకిస్తారు. ‘మధ్యలో బొమ్మలేవి బాబూ?’ అని షాపాయన అడిగినప్పుడు డిజైన్ మొదలవుతుంది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనేవారు. ఇక్కడ సోమలింగం ముందే పుట్టి, నడక కూడా నేర్చి వచ్చాడు. పెళ్లిచూపులే మిగిలాయి.

ఇక ఆ బొమ్మలు. యూజ్‌కేస్ డయాగ్రాములో అగ్గిపుల్లల మనిషొకడు ఉంటాడు. ఆసుపత్రి ప్రాజెక్టులో అతని పేరు అడ్మిన్, లైబ్రరీ ప్రాజెక్టులో అడ్మిన్, రొయ్యల చెరువు ప్రాజెక్టులోనూ అడ్మినే. బ్యాచ్ మొత్తంలో ఉద్యోగం గ్యారంటీగా దొరికింది అతనికే. ‘పుస్తకం’ తీసి ‘రొయ్య’ పెట్టిన రికార్డులో, రొయ్య గడువులోగా తిరిగిరాకపోతే జరిమానా కూడా ఉంటుంది.

రికార్డు మూడో అధ్యాయంలో ‘మేము వాటర్‌ఫాల్ పద్ధతి పాటించాము’ అని ఉంటుంది. 1970లో ఆ పద్ధతికి మెట్ల బొమ్మ గీసిన విన్‌స్టన్ రాయిస్, ఇలా ఒకే వరసలో దిగిపోవడం ప్రమాదమని అదే వ్యాసంలో హెచ్చరించాడు. కొత్తరకం పనైతే రెండుసార్లు చేయమన్నాడు. ఆ ఒక్క సలహానూ మనవాళ్లు మించి పాటిస్తున్నారు: ఒకే ప్రాజెక్టు ఏటా చేస్తున్నారు.

‘పెద్ద కంపెనీలవాళ్లూ డాక్యుమెంట్లు చివర్లోనే రాస్తారండీ’ అని ప్రాజెక్టు సెంటర్ల వాదన. 1986లో సాఫ్ట్‌వేర్ పండితులు డేవిడ్ పార్నస్, పాల్ క్లెమెంట్స్ కూడా దాదాపు ఆ మాటే అన్నారు. డిజైన్ ఎవరికీ పుస్తకంలో చెప్పిన వరసలో సాగదు, అయినా కాగితం మీద అలా సాగినట్టే సర్ది చూపితే చదివేవాళ్లకు మేలని. కాకపోతే వాళ్లు సర్దమన్నది తిప్పలు పడి చేసినవాళ్లని. బిల్లు కట్టి తెచ్చుకున్నవాళ్లని కాదు.

బందరులో వైవాకొచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ బంగారు అక్షరాల అట్ట తడిమి, ‘ఫ్రంటెండ్ ఏంటి?’ అంటాడు. దీన్ని వాడేదెవరని అడగడు.

అదే బ్యాచ్‌లో దివిసీమ కుర్రాడుంటాడు. పులిగడ్డ అక్విడక్టు దాటొచ్చే కాలవనీళ్లు చివరి పొలానికి ఎప్పుడందుతాయో తెలియక వాళ్ల నాన్న అర్ధరాత్రి గట్టు మీదికి పోతాడు. నీళ్లు వదిలినట్టు కబురు ఎవరు పెట్టాలి? సిగ్నల్ లేకపోతే? మెసేజ్ చదవలేనివాడికి ఫోన్ మోగాలా? వస్తాయన్న నీళ్లు రాకపోతే ఆ సంగతి ఎక్కడ నమోదవ్వాలి? డిజైన్ అంటే ఈ ప్రశ్నలే. వీటికి జవాబులు ఆదివారం ఇంటికెళ్లే బస్సు చార్జీతో దొరుకుతాయి.

కాలేజీలు ఒక్క నిబంధన పెట్టాలి. వాడబోయే మనిషి ఎవరు, ఏ ఊరు, మొదటి నమూనా చూసి ఏది కాదన్నాడు అన్నది రికార్డు మొదటి పేజీలో ఉండాలి. అది లేని పుస్తకానికీ మార్కులు వేయక తప్పదంటే, బైండింగు చేసినాయనకు వేయండి. అందులో సొంత చేతిపని ఆయనదే.