మానెడు బియ్యం

కోదాడలో ఉపన్యాస పోటీ. మా అమ్మాయి ఎంచుకున్న పేరు మల్లు స్వరాజ్యం. మా సూర్యాపేటకు దగ్గరి మనిషే. తుంగతుర్తి ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టింది. వారం రోజులు రాత్రిపూట పక్కన కూర్చోబెట్టుకుని నేనే నేర్పించాను.

భూస్వాముల ఇంటి పిల్ల. చిన్ననాడే గోర్కీ ‘అమ్మ’ నవల చదివి కదిలిపోయింది. ఆంధ్రమహాసభ పిలుపు విని, పదకొండేళ్ల వయసులో వెట్టివాళ్లకు ఇంట్లోని బియ్యం పంచింది. సొంతవాళ్లే అడ్డుపడినా ఆగలేదు. తర్వాత సాయుధ పోరాటంలో తుపాకీ పట్టింది. పట్టిస్తే పదివేల రూపాయలిస్తామని సర్కారు ప్రకటించినా దొరకలేదు. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది.

“వెట్టి అంటే ఏందమ్మా?” అని అడిగింది పిల్ల.

“పని చేయించుకుని కూలి ఇవ్వకపోవడం.”

“తుపాకీ మాట వచ్చినప్పుడు గొంతు పెంచు” అని కూడా చెప్పాను.

“కాదమ్మా, బియ్యం దగ్గర పెంచుత” అన్నది.

అక్కడే పెంచింది. చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి వచ్చింది. చేతిలో పెట్టిన పుస్తకం కూడా గోర్కీ ‘అమ్మ’నే. బస్సు దిగి ఇల్లు చేరేదాకా దాన్ని గుండెకు హత్తుకునే ఉంది.

ఇంటి వెనక పనిమనిషి కూతురు బోళ్లు తోముతోంది. దానికీ పదకొండేళ్లే. తల్లికి జ్వరమొస్తే పది రోజులుగా బడి మాని అదే వస్తోంది. ఆ రోజు ఒకటో తారీఖు. జీతం డబ్బులు చేతిలో పెట్టాను. తడి చేతులు గౌనుకు తుడుచుకుని లెక్కపెట్టుకుంది.

“తక్కువున్నయి ఆంటీ.”

“మీ అమ్మ పది రోజులు రాలేదు కదా.”

“నేనొచ్చిన గద.”

“చిన్నపిల్లవు, నీకేం జీతం?”

అది మారుమాట్లాడలేదు. మళ్లీ బోళ్ల ముందు కూర్చుంది.

మా అమ్మాయి పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది. మిర్యాలగూడ మిల్లు నుంచి తెప్పించిన సన్నబియ్యం బస్తా విప్పిన చప్పుడైంది. మానెడు బియ్యం ముంచుకొచ్చి, గడపలో నా ఎదురుగా నిలబడింది.

“అమ్మా, స్వరాజ్యానికి సొంతవాళ్లే అడ్డమొచ్చిండ్రు. నాకు నువ్వొస్తవా?”