జెట్టు మామ

జెట్టు మామ ఎదురుపడితే "ఎట్లుండావు మామా?" అని అడగకూడదు. మోకాళ్ళ నొప్పి, చింతపండు ధర, కూతురి పెళ్ళి సంబంధం అన్నీ పక్కకు నెట్టి "ఐడిలింగు రొంత పట్టడంల్యా" అంటాడు. ఇక మన పని అయిపోయినట్టే.

ఇట్లాంటి మనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. కొన్నిచోట్ల బుల్లెట్టును పట్టుకుంటాడు, కొన్నిచోట్ల యెజ్డీని. మా సోమందేపల్లి వంతుకు వచ్చింది ప్రీమియర్ పద్మిని, మా లెక్కలో ఫియట్టు. 1089 సీసీ ఇంజను, నలభై గుర్రాల బలం, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ. గుడ్డ కప్పి ఆదివారం తుడుచుకునే ముచ్చట కారు కాదది. రోజూ హిందూపురం మండీకి పోయివచ్చే కారు. బెల్లం బుట్టలు ఎక్కుతాయి, గుమాస్తా ఎక్కుతాడు, జాతర ముందర మేకపోతు కూడా ఎక్కుతుంది.

బాగా నడిచే కారును నడవనీయొచ్చు కదా? మామకు అదే చేతకాదు.

ఇంజను పీల్చే గాలిలోకి పెట్రోలును తుంపర చేసి కలిపేది కార్బరేటరు. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ళ గాలి. ఆ పెట్రోలు దిగే సన్నటి బెజ్జమున్న ఇత్తడి ముక్కే జెట్టు. దాని మీద 120 అని చెక్కి ఉంటే బెజ్జం 1.20 మిల్లీమీటర్లని అర్థం. 120కీ 125కీ తేడా వెంట్రుక మందం కూడా ఉండదు. మామ సంసారమంతా ఆ తేడాలోనే జరుగుతోంది. చొక్కా జేబులో అగ్గిపెట్టె, అందులో దూది, దూదిలో జెట్లు. బీడీ కాల్చే అలవాటున్నవాళ్ళు అగ్గిపెట్టె అడిగి భంగపడ్డారు. జెట్టును స్టవ్ పిన్నుతో పొడిచి బెజ్జం పెద్దది చేసే మెకానిక్కు ఇంటికి మామ పిల్లనివ్వడు.

కంపెనీ ఇచ్చిన సోలెక్సు కార్బరేటరుకు ఒకటే గొంతు. రెండు గొంతుల వెబరు వేయాలన్నది మామ పట్టు. "1953లోనే ఇటలీలో ఇదే బండికి టీవీ అని ఒక రకం చేసినారు. రెండు గొంతుల వెబరు, యాభై గుర్రాలు!" అని అత్తకు విడమరిచి చెప్పాడు.

"ముందు మనింట్లో టీవీ బాగు చేయించు" అంది అత్త.

బెంగళూరు జేసీ రోడ్డంతా గాలించి వెబరు తెచ్చాడు. పాత మానిఫోల్డు మీద అది కూర్చోలేదు. హిందూపురంలో లేతు షాపులో అల్యూమినియం పలక కోయించి మధ్యలో పెట్టాడు. పలక ఎత్తుకు ఎయిర్ ఫిల్టరు బానెట్టుకు తగిలింది. ఫిల్టరు మార్చాడు. ఈసారి యాక్సిలరేటరు రాడ్డు చాల్లేదు. ఇంత చేసి, "లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువొస్తాది సూడు" అన్నాడు. పెట్రోలు వంద దాటింది నిజమే కానీ, పెట్టిన డబ్బు ఆ మిగులుతో తిరిగిరావాలంటే మామ నూటపదేళ్ళు బతకాలి. కారు కూడా బతకాలి.

ఆ కారెక్కడమంటే పరీక్షకు కూర్చోవడమే. కొంతదూరం పోయాక తల ఒకపక్కకు వాల్చి, "ఇనపడ్తాందా?" అంటాడు. లేదంటే మన చెవుల మీద జాలిపడతాడు. అవునంటే బండి ఆపి బానెట్టెత్తుతాడు. పెనుకొండలో పెళ్ళికని బయల్దేరి, గగనమహల్ దాకా చేరి, అక్కడ ప్లగ్గులు విప్పి వరసగా పెట్టాడు. కాఫీపొడి రంగుంటే సరి, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. పెళ్ళికూతురు ఏ రంగు ధర్మవరం చీర కట్టిందో మాలో ఎవరికీ తెలీదు. నాలుగు ప్లగ్గుల రంగులు మాత్రం ఇప్పటికీ చెప్పగలం.

ఎండాకాలం వస్తే కార్బరేటర్లోనే పెట్రోలు మరుగుతుంది. అప్పుడు పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టాలి. అత్త తువ్వాళ్ళు లెక్కపెట్టుకునేది అందుకే. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు, పాత రబ్బరు వాషర్లను అది తినేస్తుంది, మిశ్రమాన్ని పలచన చేస్తుంది అని ఊరంతా భయపడుతుంటే మామ మొహం వెలిగిపోయింది. మళ్ళీ జెట్లన్నీ మార్చొచ్చు.

నాకు తెలిసి మామ నిజంగా దిగులుపడింది రెండే సందర్భాల్లో. 2023 అక్టోబరులో ముంబైలో పద్మినీ టాక్సీల కాలం ముగిసిందని పేపర్లో చదివి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. రెండోది, వెబరు పూర్తిగా కుదిరిన వారం. బండి ఒక్క తాకిడికి అందుకుంటోంది, పొగ లేదు, దగ్గు లేదు. మామకు నిద్ర పట్టలేదు. వీధిలో అటూయిటూ తిరిగాడు. అత్త భయపడి బాబయ్య దర్గాకు మొక్కుకుంది. ఎనిమిదోనాడు తెల్లారకముందే మెకానిక్కు ఇంటి తలుపు తట్టాడు.

"బాగుంది కదా మామా, ఇంగేంది?"

"యాల బాగుందో సూడాల గదప్పా."

"లేపాక్షి స్తంభం యాల యాలాడ్తాందో సూడాలని ఎవరో తెల్లదొర కూడా ఇట్లే కదిలించినాడంట. ఇప్పుడు ఒక మూల నేలకానింది."

మామ విననేలేదు. అప్పటికే అగ్గిపెట్టె తెరిచాడు.

ఊరికి ఇంత దగ్గర్లో ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తా దానిది. 2019 నుంచి కొత్త కార్లు లారీలెక్కి మా హైవే మీదుగానే పోతుంటాయి. మామ వాటివైపు చూడడు. మొన్న అందులోనే పనిచేసే మేనల్లుడు కొత్త సెల్టోస్ కొని, ఆశీర్వాదానికని ఇంటిముందు ఆపాడు. మామ పసుపూ కుంకుమా పక్కన పెట్టించి ముందు బానెట్టెత్తమన్నాడు. లోపల నల్లటి ప్లాస్టిక్ మూత. అటు వంగాడు, ఇటు వంగాడు.

"కార్బరేటరు యాడ పెట్నార్రా?"

"లేదు మామా. అంతా కంప్యూటరే చూసుకుంటుంది."

మామ మేనల్లుణ్ణి పైనుంచి కిందికి చూశాడు. "పాపం, ఆదివారం పూట ఏం జేస్తావురా మరి?" అని లోపలికిపోయి, పాత సోలెక్సును న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"ఉంచుకో. ఎప్పుడన్నా పనికొస్తాది."